ఆవగింజలో ఘాటు లేదు

ఆవగింజలో ఘాటు లేదు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నాను, ఇప్పుడు మీకు. నమ్మకం కుదరకపోతే పోపులపెట్టె తీసి నాలుగు ఆవాలు నోట్లో వేసుకోండి. నమలొద్దు, చప్పరించండి. ఏమీ ఉండదు. ఇప్పుడు కొరకండి. ముందు కాస్త చేదు తగులుతుంది. ఉమ్మితో కలిసి రెండు మూడు క్షణాలు గడిచాక ముక్కులోకి జివ్వున ఎక్కుతుంది. ఆ కాస్త వ్యవధిలో మీ నోట్లో ఒక రసాయన చర్య నడిచింది. ఘాటు అందులో దాక్కుని లేదు, అప్పటికప్పుడు పుట్టింది!

ఆవగింజ లోపల రెండు వస్తువులు వేరు వేరు అరల్లో ఉంటాయి. ఒకటి గ్లూకోసినొలేట్లు, వాటిలో పేరున్నది సినిగ్రిన్. దానికి మంటా లేదు, ముక్కుకెక్కే వాసనా లేదు. రెండోది మైరోసినేజ్ అనే ఎంజైము. గింజ గింజగా ఉన్నంతకాలం ఈ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడవు. రోట్లో నలిగి అరలు బద్దలై నీటి తడి తగిలితే ఎంజైము వెళ్ళి సినిగ్రిన్‌ని విడగొడుతుంది. అప్పుడు పుడుతుంది అల్లైల్ ఐసోథయోసయనేట్. పురుగు కొరికితే దాని నోరు మండేలా మొక్క చేసుకున్న ఏర్పాటిది. మనవాళ్ళు ఆ ఏర్పాటుని తీసుకొచ్చి పనసపొట్టు కూరలో పెట్టారు.

ఆవ పెట్టే కూరకి మా అమ్మది ఒకటే నియమం. కూర దించి ఆవిరి కాస్త పోయాకే ముద్ద కలపాలి. బాణలి పొయ్యి మీదుండగా ఎవరు ఆవముద్ద పట్టుకెళ్ళినా చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. "పొయ్యి మీద ఎయ్యకే, సచ్చిపోద్ది" అంటుంది. ఏం చస్తుందో ఇప్పుడు తెలిసింది. ఆ ఐసోథయోసయనేట్‌కి ఆవిరై ఎగిరిపోయే గుణం ఉంది. వేడికి ఎంజైము కూడా చెడిపోతుంది. అంటే రెండు విధాలా చస్తుంది. అమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది. ఆమె నోట ఎంజైము అన్న మాట నేనెన్నడూ వినలేదు. కానీ ఆ ఎంజైముతో ఎలా మెలగాలో ఆమెకి తెలిసినంత నాకు ఇంకా తెలియదు.

ఆవకాయకైతే ఆవాలు ఎండబెట్టి, తడి తగలనివ్వకుండా పొడి కొట్టించి, కాచని పప్పునూనెతో కలుపుతాం. ఆ పొడిలో ఎంజైము ప్రాణంతోనే ఉంటుంది. మామిడిముక్క ఊట దిగాక తడి దొరికి పని మొదలుపెడుతుంది. పులుపు ఆ పనిని నెమ్మది చేస్తుంది, పుట్టిన ఘాటు తొందరగా చెడకుండా కాస్తుంది. మూడోనాడు జాడీ తిరగకలిపేటప్పుడు ముక్కు అదిరేది ఇందుకే. అవే ఆవాలు పోపులో కాగిన నూనెలో పడ్డాయా, ఎంజైము క్షణంలో చచ్చిపోతుంది. గింజ చిటపటలాడి కమ్మటి వాసనేస్తుంది, ఘాటు మాత్రం పుట్టదు. గింజ ఒకటే. ఎప్పుడు నలిపాం, ఎప్పుడు తడిపాం, ఎప్పుడు వేడి చూపించాం అన్నదాన్ని బట్టి వేరే వేరే పదార్థాలు తయారవుతున్నాయి.

మా అచ్యుతాపురంలో ఈ మాట చెబితే అర్థం చేసుకునేవాళ్ళకి కొదవలేదు. తెల్లారితే కూడలి నిండా షిఫ్టు బస్సులే. సగం మంది సెజ్‌లో బట్టల కంపెనీలకి వెళ్తారు, మిగిలినవాళ్ళలో చాలామంది ఇక్కడి మందుల కంపెనీలకో పరవాడ ఫార్మా సిటీకో వెళ్తారు. మా పక్క వాటాలో అద్దెకుంటున్న అబ్బాయి ఒక కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్. ఆవముద్ద కథంతా చెబితే ఎగిరి గంతేశాడు. "అక్కా, మా దగ్గరా అంతే. ఏది ముందు ఛార్జ్ చెయ్యాలి, ఏ టెంపరేచర్‌లో, ఎంతసేపు మెయింటైన్ చెయ్యాలి, అంతా బీఎంఆర్‌లో రాసుంటాది. ఒక్కటి అటూ ఇటూ అయితే బ్యాచ్ పోతాది. అమ్మకి బీఎంఆర్ బుర్రలోనే ఉందన్నమాట" అన్నాడు. ప్రతి బ్యాచ్‌కీ వరసక్రమం రాసుకునే పుస్తకాన్ని వాళ్ళు బీఎంఆర్ అంటారు. అప్పట్నుంచి నేను వంటింట్లో ప్రతి పనినీ ఆ కంటితోనే చూస్తున్నాను.

చూస్తే వెల్లుల్లిదీ ఇదే పద్ధతి! పాయ పాయగా ఉన్నప్పుడు పెద్ద వాసన ఉండదు. చితగ్గొడితే అలియినేజ్ అనే ఎంజైము అలియిన్ అనే పదార్థాన్ని పట్టుకుని అల్లిసిన్‌గా మారుస్తుంది. ఆ అల్లిసిన్‌ని 1944లో చెస్టర్ కవాలిటో అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త వేరు చేశాడు. 2001లో అమెరికాలోనే జరిగిన ఒక ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకుంది. చితక్కొట్టని వెల్లుల్లిని ఒక్క నిమిషం మైక్రోవేవ్‌లో పెడితే ఎంజైము చచ్చి, పరిశోధకులు వెతుకుతున్న మేలు పోయింది. చితక్కొట్టి పది నిమిషాలు పక్కన ఉంచి ఆ తర్వాత వేడి చేస్తే కొంత నిలిచింది. మా ఇంట్లో చారుకి వెల్లుల్లి, మిరియం, జీలకర్ర ముందుగా కచ్చాపచ్చాగా దంచి గిన్నెలో పెట్టుకుని, ఆ తర్వాతే చింతపండు పిసకడం మొదలుపెడతారు. చింతపండు పులుసు తీసి, పిప్పి పారేసి, పొయ్యి వెలిగించేసరికి ఆ పది నిమిషాలూ గడిచిపోతాయి.

అల్లం ఇంకో దారి పట్టింది. పచ్చి అల్లంలో ఘాటు జింజెరాల్‌ది. అల్లం ఎండేకొద్దీ ఆ జింజెరాల్‌లోంచి ఒక నీటి అణువు పోయి షోగాల్ అవుతుంది. అందుకే శొంఠి అల్లం కంటే ఎక్కువ మండుతుంది. కూరలో ఉడికితే కొంత భాగం జింజెరోన్‌గా మారి మెత్తబడుతుంది. ప్రయోగశాలల్లో వాపు మీద షోగాల్ జింజెరాల్ కంటే గట్టిగా పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. బాలింతకి మొదటి ముద్దలో నేతితో కలిపి పెట్టేది అల్లం కాదు, శొంఠిపొడి. ఎవరు ఎప్పుడు ఎంత గమనించి అలా నిర్ణయించారో! ఒక దుంపని ఎండలో పడేస్తే అది వేరే పదార్థమవుతుందని కనిపెట్టిన వాళ్ళకి నేను నమస్కారం పెట్టకుండా ఉండలేను.

ఇక్కడి నుంచి నా ఆశ్చర్యానికి హద్దు లేకుండా పోయింది. కిరాణా కొట్టువాడు పొట్లం కట్టిచ్చిన కాగితం వెనక ఈ అణువుల బొమ్మలు పెన్సిలుతో గీస్తూ కూర్చున్నాను. జింజెరాల్ గీశాను. ఆరు మూలల ఉంగరం, ఒక మూలన హైడ్రాక్సిల్, దాని పక్క మూలన మీథాక్సీ, ఎదుటి వైపు ఒక తోక. మిరపకాయ కారం, అంటే క్యాప్సైసిన్ గీశాను. అదే ఉంగరం, అవే రెండు గుర్తులు, తోక మాత్రం వేరు. లవంగ నూనెలోని యూజెనాల్ గీశాను. మళ్ళీ అదే తల! పిల్లలు తినే వెనిలా ఐస్‌క్రీమ్‌లోని వెనిలిన్‌దీ అదే తల. పసుపులోని కర్క్యుమిన్ అయితే అవే తలలు రెండు అటొకటి ఇటొకటి పెట్టుకుని, మధ్యన ఒక గొలుసు. అల్లం, మిరప, లవంగం, పసుపు, వెనిలా. అల్లానికీ పసుపుకీ తప్ప ఒకదానికొకటి దగ్గరి చుట్టరికం లేని ఐదు మొక్కలు, ఒకే ముక్కని పట్టుకుని వేర్వేరు తోకలు తగిలించాయి. పోపులపెట్టెలోనూ మసాలా డబ్బాలోనూ విడివిడిగా కనిపించేవి అణువుల దగ్గరికొచ్చేసరికి ఒక ఇంటివాళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చే వాసన గుర్తుందా? అది లవంగం వాసనే. తాత్కాలికంగా పంటి గుంట పూడ్చే ముద్దని జింక్ ఆక్సైడ్‌లో యూజెనాల్ కలిపి చేస్తారు.

మరి ఈ ఘాటుకీ, ఒంట్లో వాపులకీ ఏమిటి సంబంధం? వాపు అన్నప్పుడు నేను చీల మండ ఉబ్బడం ఒక్కటే అనుకోవడం లేదు. ఎర్రబడడం, వేడెక్కడం, నొప్పి, ఉబ్బు, ఈ నాలుగూ కలిసి ఒంటి రక్షణ వ్యవస్థ పని. గాయమైనప్పుడు అది లేకపోతే మనం బతకం. ఆగాల్సినప్పుడు ఆగకుండా ఏళ్ళ తరబడి సన్నగా నడుస్తూ ఉంటేనే కీళ్ళకీ, రక్తనాళాలకీ చేటు. నొప్పి మాత్రలు ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ తేల్చాడు. వాపునీ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు ఒంట్లో తయారు కాకుండా ఆస్పిరిన్ అడ్డుకుంటుందని చూపించాడు. 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. 2005లో ఇంకో సంగతి బయటపడింది. మంచి ఆలివ్ నూనె మింగితే గొంతులో చురుక్కుమంటుంది. ఐబుప్రొఫెన్ ద్రవం మింగినా సరిగ్గా అక్కడే చురుక్కుమంటుందని గమనించిన గ్యారీ బోచాంప్ బృందం వెతికితే ఆ నూనెలో ఓలియోకాంథల్ అనే పదార్థం దొరికింది. అదీ ఐబుప్రొఫెన్ అడ్డుకునే ఎంజైమునే అడ్డుకుంటోంది. రుచి చూసిన గొంతు మందుని గుర్తుపట్టింది!

మిరపకాయ కథ మరీ విడ్డూరం. మన నరాల చివర వేడిని పసిగట్టే ద్వారాలుంటాయి. దాదాపు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకి కబురు పంపుతాయి. క్యాప్సైసిన్ ఆ ద్వారానికి సరిగ్గా సరిపోయి, వేడి లేకపోయినా తెరిచేస్తుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు కాలినట్టుండడానికి కారణం ఇది. ఈ ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ పట్టుకున్నాడు, 2021లో నోబెల్ పంచుకున్నాడు. అసలు వింత ఆ తర్వాత ఉంది. పదే పదే తెరిపిస్తే ఆ నరం అలిసిపోయి కబురు పంపడం మానేస్తుంది. సర్పి తగ్గాక నెలల తరబడి మిగిలే నరాల మంటకి 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని 2009లో అమెరికా అనుమతించింది. మంటతో మంటని ఆపడమంటే ఇది. మన ఆవముద్ద తట్టేది దీని పక్కనుండే మరో ద్వారాన్ని. పేరు ట్రిపా-1.

పసుపు దగ్గరికి వస్తున్నాను. కావాలనే ఆలస్యం చేశాను, ఎందుకంటే మొదలుపెడితే ఆపలేను.

పెళ్ళిలో పారాణి కలిపేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి. పచ్చటి పసుపు ముద్ద. వేలి కొసన సున్నం తీసి అందులో రుద్దితే, రుద్దిన చోట ముందు నారింజ చార, క్షణంలో నెత్తుటి ఎరుపు. దాని మీద నిమ్మచెక్క పిండండి, మళ్ళీ పచ్చబడుతుంది! ఆ రంగు మార్చేది కర్క్యుమిన్. క్షారం తగిలితే ఎరుపు, ఆమ్లం తగిలితే పసుపు. తెల్లచొక్కా మీద పప్పు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడేది ఇందుకే. ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మాయమయ్యేది కూడా కర్క్యుమిన్ వెలుతురుకి తట్టుకోలేక విడిపోవడం వల్లే. ఒక చాకలిబాన, ఒక పెళ్ళిపీట, ఒక నిమ్మకాయ ఉంటే కర్క్యుమిన్ స్వభావం సగం అర్థమైపోతుంది. నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. వెలుతురుకి ఓర్చదు. క్షారంలో నిలవదు.

దీన్ని పసుపులోంచి మొదట 1815లో వోగెల్, పెలెటియే అనే ఇద్దరు తీశారు. అణువు ఆకారం తేలడానికి 1910 దాకా పట్టింది. వాపు మీద దీని పని చూపించినవాళ్ళు మనవాళ్ళు. 1973లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో శ్రీమల్, ధావన్ అనే శాస్త్రవేత్తలు ఎలుక పాదంలోకి క్యారజీనన్ ఎక్కించి వాపు తెప్పించారు. క్యారజీనన్ అంటే సముద్రపు నాచులోంచి తీసే జిగురు. కర్క్యుమిన్ ఇస్తే వాపు తగ్గింది. ఆనాటి పేరున్న మందు ఫినైల్‌బ్యూటజోన్‌తో పోలిస్తే అప్పటికప్పుడు వచ్చిన వాపు మీద దాదాపు సమానంగా, దీర్ఘకాలపు వాపు మీద సగం బలంతో పనిచేసింది. ఆ సగం బలం మాట కూడా వాళ్ళు దాచకుండా రాశారు. అందుకే ఆ పత్రం మీద నాకు గౌరవం.

తర్వాత 1995లో అమెరికాలో భరత్ అగర్వాల్ ప్రయోగశాల కణం లోపలికి తొంగిచూసింది. కణంలో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ ఉంటుంది. మామూలప్పుడు దాన్ని ఇంకో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. ప్రమాదం వస్తే ఆ పట్టు వదులుతుంది, ఇది కేంద్రకంలోకి వెళ్ళి ఊళ్ళో టముకు వేసినట్టు వాపు జన్యువులన్నింటినీ లేపుతుంది. గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో కర్క్యుమిన్ ఆ పట్టు వదలనివ్వలేదు. అదే ప్రయోగశాల నుంచి తర్వాత వచ్చిన పత్రాల్లో ఇరవైకి పైగా వాటిని బొమ్మల్లో తేడాలు తేలి పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. ఇదీ తెలుసుకోవాలి. పసుపు మీద ప్రేమ ఉన్నవాళ్ళు ముందు తెలుసుకోవాలి.

మన హైదరాబాదు పేరు ఇందులో ఎంత గట్టిగా ఉందో చూసి నేను పొంగిపోయాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం 1992లో 16 మంది పొగతాగేవాళ్ళకి రోజుకి ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజులు ఇచ్చింది. వాళ్ళ మూత్రంలో జన్యువులకి హాని చేసే పదార్థాలు తగ్గాయి. ఒకటిన్నర గ్రాములంటే అరచెంచా! 2005లో అదే సంస్థ నుంచి భానుప్రకాశ్ రెడ్డి బృందం మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో అర శాతం పసుపు కలిపితే కంటి శుక్లం ఆలస్యంగా వచ్చిందని చూపింది. అందులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ పసుపులో ఉండేంత కర్క్యుమిన్ విడిగా ఇచ్చినప్పటి కంటే మొత్తం పసుపు ఇచ్చినప్పుడే ఫలితం మెరుగ్గా ఉంది. అంటే పసుపులో మనం పేరు పెట్టి పిలవని మిగతా పదార్థాలకి కూడా పని ఉంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎవరో చెప్పారని పసుపు క్యాప్సూల్స్ డబ్బా ఒకటి ఇంటికొచ్చింది. దాని వెనక కర్క్యుమిన్ కింద 'పైపరిన్' అని రాసి ఉంది. మిరియంలో పదార్థం పసుపు క్యాప్సూల్‌లో ఎందుకు? ఈ ప్రశ్న వెంట పడే నేను ఇంత దూరం వచ్చాను.

సంగతేమిటంటే కర్క్యుమిన్ కడుపులోకి వెళ్ళినా రక్తంలోకి దాదాపు చేరదు. చేరిన కాస్తకీ పేగూ కాలేయమూ ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో మనుషులకి 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇచ్చి చూస్తే రక్తంలో కనబడీ కనబడనట్టుంది. దానికి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే 2000 శాతం పెరిగింది! ఆ చక్కెర ఆమ్లం తగిలించే పనిని పైపరిన్ ఆపేస్తుంది. 20 మిల్లీగ్రాములంటే సుమారుగా ఏడెనిమిది మిరియపు గింజల్లో ఉండేంత. మిరియాల చారులో పసుపు, మిరియం, నూనె పోపు మూడూ ఉన్నాయి. కరగడానికి నూనె, నిలవడానికి మిరియం.

ఇక్కడితో అయిపోలేదు. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలలో అటల్ అనే శాస్త్రవేత్తకి ఒక అనుమానం వచ్చింది. ఆయుర్వేదంలో ఏ మందు చూసినా శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు ఎందుకు కలుపుతున్నారు? రోగం ఏదైనా ఈ త్రికటుకం ఎందుకు ఉంటోంది? ఇవి రోగాన్ని కొట్టడానికి కాదు, మిగతా మందుని ఒంట్లో నిలబెట్టడానికేమో అనుకున్నారు. ఆ దారిలో ఏళ్ళు నడిస్తే 2009లో ఒక క్షయ మాత్ర బజారులోకి వచ్చింది. పేరు రిసోరిన్. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్ ఇందులో 200 మాత్రమే ఉంది, తోడుగా 10 మిల్లీగ్రాముల పైపరిన్. అమ్మమ్మల పొడి డబ్బా నుంచి క్షయ మాత్ర దాకా!

ఆ పైపరిన్‌ని 1819లో మిరియంలోంచి మొదట వేరు చేసిందెవరో తెలుసా? డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్. అవును, బడిలో చదువుకున్న ఆర్‌స్టెడే. మరుసటి ఏడాది 1820లో, కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూసి విద్యుత్తుకీ అయస్కాంతానికీ చుట్టరికం చెప్పినవాడు. ఆయన చూసినదాని మీదే మోటార్లు తిరుగుతున్నాయి. మిక్సీలో మిరియాలు వేసి మీట నొక్కినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. జారులో ఉన్నదీ ఆయనదే, జారు కింద తిరిగేదీ ఆయనదే.

ఆ మిరియాలు, పసుపు మాకు ఎంతో దూరం నుంచి రావక్కర్లేదు. నర్సీపట్నం దాటి ఘాటెక్కితే చింతపల్లి, పాడేరు. కాఫీ తోటల్లో నీడకి పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియపు తీగలు పాకి ఉంటాయి. పసుపు దుంప తవ్వాక గిరిజన రైతులు ఉడకబెట్టి ఎండబెడతారు. ఉడకబెడితే దుంప మళ్ళీ మొలకెత్తదు, రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది, ఎండడం తొందరగా అవుతుంది. ఇంత శ్రమ దాటి వచ్చిన కొమ్ముని కొని ఇంట్లో దంచుకోవడం నాకిష్టం. పొడి కొనేటప్పుడు మరీ ధగధగలాడే పచ్చరంగుకి మోసపోకండి. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవడానికి సీసం కలిసిన రంగు వేస్తున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు.

ఇంత మురిసిపోతున్నాను కాబట్టి అమ్మ డాక్టరు చెప్పిన మాట కూడా రాయాలి. అమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. ఆయన డబ్బా చూసి, "ఇది వద్దమ్మా. కూరలో ఎంత వేసుకుంటారో వేసుకోండి" అన్నారు. పైపరిన్ కర్క్యుమిన్‌ని నిలబెట్టినట్టే ఒంట్లో ఇతర మందుల్ని కూడా నిలబెడుతుంది. ప్రొప్రనొలాల్, థియోఫిలిన్ లాంటి మందుల మోతాదు రక్తంలో పెరగడం పరిశోధనల్లో కనబడింది. 2022లో అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు ప్రచురించారు, అందులో ఒకరు చనిపోయారు. 2017లో రసాయన శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ పరిశోధనలన్నీ తిరగేసి, ఇది నిలకడ లేని అణువు, గాజు పళ్ళెంలో పరీక్షలని సులువుగా తప్పుదారి పట్టిస్తుంది అని హెచ్చరించారు. అవతలి వైపు, థాయిలాండ్‌లో 2014లో 367 మంది మోకాళ్ళ అరుగుదల రోగుల మీద నాలుగు వారాల పరీక్షలో రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు సారం 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌కి తీసిపోలేదని తేలింది. 2020లో ఆస్ట్రేలియా టాస్మేనియాలో 70 మంది మీద చూస్తే పసుపు సారంతో నొప్పి తగ్గింది, మోకాలిలో చేరిన నీరు మాత్రం తగ్గలేదు. ఇవన్నీ సారాలు, మాత్రలు. పసుపు పొడిలో కర్క్యుమిన్ వందకి మూడు పాళ్ళకి అటూ ఇటూ. బెంగళూరులో ఇచ్చిన 2 గ్రాములు కూరలోంచి రావాలంటే 60 గ్రాములకి పైగా పసుపు తినాలి. చిటికెడు పసుపు ఐబుప్రొఫెన్ చేసే పని చెయ్యదు, దాని నుంచి ఆ పని అడగకూడదు.

మరి వంటింటి మోతాదుకి ఏ విలువా లేదా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టి ఉంచింది. అప్పుడు పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన చిన్న ప్రయోగం కంటబడింది. 40 నుంచి 65 ఏళ్ళ వయసు, ఒళ్ళు ఎక్కువగా ఉన్న 12 మంది మగవాళ్ళు. వాళ్ళకి కొవ్వు, పిండి బాగా దట్టించిన భోజనం పెట్టారు. ఒకసారి మసాలా లేకుండా, ఒకసారి 2 గ్రాముల మసాలాతో, ఒకసారి 6 గ్రాములతో. ఆ మసాలాలో పసుపు, మిరియం, జీలకర్ర, ధనియాలు, అల్లం, దాల్చినచెక్క, మిరప, ఇంకొన్ని ఆకులు. బరువైన భోజనం తిన్నాక రక్తంలో వాపు సంకేతాలు పెరుగుతాయి. 6 గ్రాముల మసాలా పడిన రోజు వాళ్ళ తెల్లకణాలు విడుదల చేసే ఐఎల్-1 బీటా అనే సంకేతం తగ్గింది. 12 మందే, ఒక్కొక్క భోజనమే, ఎవరికీ ఏ రోగమూ నయం కాలేదు. అయినా నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటే 6 గ్రాములంటే మాత్ర కాదు, రెండు చెంచాలకి అటూ ఇటూ. మా ఇంట్లో ఒక మనిషి పొద్దుట్నుంచి రాత్రి దాకా పప్పులో, పులుసులో, చారులో తినేదానికి అదేమంత దూరం కాదు. పైగా విడిగా తీసిన ఒక్క అణువు కాదు, వంటలో కలిసిన గుంపు.

ఇప్పుడు నాకున్న కోరిక ఒకటే. పూడిమడక నుంచి పొద్దున్నే వచ్చే వంజరం ముక్కలకి ముందు ఉప్పు, పసుపు పట్టించి, వెల్లుల్లి, జీలకర్ర, మిరియం దంచి, అల్లం వేసి, చింతపండు పులుసులో మరిగించిన మా అమ్మ చేపల పులుసు మీద ఇలాంటి ప్రయోగమే జరగాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ కళాశాల ఉంది, రక్తపరీక్షలు చేసే ల్యాబులకి లోటు లేదు, మండువేసవిలో కూడా రెండు పూటలా పులుసు తినే జనానికి అసలే లోటు లేదు. దంచి పది నిమిషాలు ఆగిన వెల్లుల్లితో ఒక బ్యాచ్, ఆగకుండా వేసినదానితో ఒక బ్యాచ్, మిరియం మానేసి ఒక బ్యాచ్. వరసక్రమం రాయడానికి పక్క వాటా అబ్బాయి ఒప్పుకున్నాడు. వండడానికి అమ్మ ఒప్పుకుంది, కాకపోతే మిరియం మానేసిన పులుసు మాత్రం తను వండనని ముందే చెప్పేసింది. రక్తం ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.